సయనోబాక్టీరియా వర్ధన సేకరణ

సయనోబాక్టీరియా లేదా నీలి ఆకుపచ్చ శైవలాలు కిరణజన్య సంయోగక్రియ జరిపి ఆక్సిజన్‌ను విడుదల చేసే సూక్ష్మజీవులు. నీటి నుండి, నేల నుండి వేరుచేసిన వీటి విభేదాలను ప్రయోగశాలలో సజీవంగా కాపాడి, పరిశోధకులకు అందించే భాండాగారాన్ని వర్ధన సేకరణ అంటారు. స్ట్రెయిన్ అని పిలువబడే ప్రతి విభేదానికి ఒక సంఖ్య, సేకరించిన స్థలం, సంవత్సరం, వేరుచేసిన వారి వివరాలు నమోదై ఉంటాయి.

హైదరాబాదు జలాల అధ్యయనం

హైదరాబాదు పాతబస్తీకి ఉత్తరపు అంచున మూసీ నది ప్రవహిస్తుంది. నైరుతి దిక్కున మీర్ ఆలం చెరువు ఉన్నది. 19వ శతాబ్ది తొలినాళ్ళలో 21 అర్ధవృత్తాకార కమానుల ఆనకట్టతో నిర్మించిన ఈ చెరువు ఒకప్పుడు నగరానికి తాగునీటిని అందించింది. మురుగునీటితో వచ్చే నత్రజని, భాస్వరం ఇటువంటి నిలకడ నీటిలో సయనోబాక్టీరియా పెరుగుదలకు దోహదం చేస్తాయి.

నగరపు శైవలాలపై ఉస్మానియా విశ్వవిద్యాలయంలో విస్తృతమైన కృషి జరిగింది. ఎ. ఆర్. జాఫర్ చేపల చెరువుల శైవలాలపై 1964-67 మధ్య, వి. వెంకటేశ్వర్లు మూసీ శైవలాలు, నీటి కాలుష్యంపై 1969-70లో హైడ్రోబయాలజియా పత్రికలో పరిశోధన వ్యాసాలు ప్రచురించారు. ఇటువంటి అధ్యయనాలలో జీవులను సూక్ష్మదర్శినిలో గుర్తించి, లెక్కించి, ఆ సంఖ్యలను నీటి రసాయన గుణాలతో పోలుస్తారు.

సజీవ నమూనా ఆవశ్యకత

పట్టికలోని పేరు ఆ జీవి ఆనాడు ఆ నీటిలో ఉండినదని తెలుపుతుంది. దాని జన్యువులను, విషాన్ని తిరిగి పరీక్షించడానికి మాత్రం నమూనాయే కావాలి. మైక్రోసిస్టిస్ ప్రజాతిలో కొన్ని విభేదాలు కాలేయానికి హాని చేసే మైక్రోసిస్టిన్ అనే విషాన్ని తయారుచేస్తాయి, కొన్ని చేయవు. సూక్ష్మదర్శినిలో ఈ రెండూ ఒకే విధంగా కనిపిస్తాయి. తాగునీటిలో మైక్రోసిస్టిన్-ఎల్‌ఆర్‌కు ప్రపంచ ఆరోగ్య సంస్థ 1998లో సూచించిన పరిమితి లీటరుకు 1 మైక్రోగ్రాము. 1972లో నెదర్లాండ్స్‌లోని ఒక జలాశయం నుండి వేరుచేసిన పీసీసీ 7806 అనే విభేదం సేకరణలో భద్రంగా ఉన్నందువల్లనే, ఈ విషాన్ని తయారుచేసే జన్యు సముదాయాన్ని దశాబ్దాల తరువాత దానిలో గుర్తించగలిగారు. నది, చెరువు కాలక్రమంలో మారిపోతాయి. భద్రపరచని విభేదాన్ని తిరిగి పొందగలమన్న హామీ లేదు.

వేరుచేయు విధానం

నీటి నమూనాను పలుచన చేసి, లవణాలు గల వర్ధన యానకంలో వెలుతురు సోకేలా పెంచుతారు. విస్తృతంగా వాడే యానకం బీజీ-11. దీనిలో లీటరుకు 1.5 గ్రాముల సోడియం నైట్రేట్ ఉంటుంది. నైట్రేట్ లేని యానకంలో అనబీనా, నాస్టాక్ వంటి నత్రజని స్థాపన చేసే ప్రజాతులు పెరుగుతాయి. కణాల చుట్టూ ఉండే జిగురు పొరలో ఇతర బాక్టీరియా అంటుకొని ఉండుటచేత శుద్ధ వర్ధనం పొందడం చాలా కష్టం.

భద్రపరచు పద్ధతులు

* ఉపవర్ధనం: అగార్ పైన లేదా ద్రవంలో మందమైన వెలుతురులో పెంచుతూ, నియమిత కాలానికి కొత్త యానకంలోకి మారుస్తారు. ఖర్చు తక్కువ, శ్రమ ఎక్కువ. పొరపాటున వర్ధనాలు కలుషితమయ్యే ప్రమాదం ఉంది.
* అతిశీతల నిల్వ: డైమిథైల్ సల్ఫాక్సైడ్ వంటి రక్షక ద్రవ్యం కలిపి ద్రవ నత్రజనిలో -196 డిగ్రీల సెల్సియస్ వద్ద ఉంచుతారు. జీవక్రియలు ఆగిపోతాయి కనుక మార్పులకు అవకాశం చాలా తక్కువ. అయితే అన్ని విభేదాలు ఘనీభవనాన్ని తట్టుకోలేవు.
* శీతల శుష్కీకరణ: ఘనీభవింపజేసి శూన్యంలో తేమను తొలగిస్తారు. ఇది కొన్ని విభేదాలకే అనుకూలిస్తుంది.

వర్ధనంలో మార్పులు

పదేపదే ఉపవర్ధనం చేసినప్పుడు జీవి మారవచ్చు. మైక్రోసిస్టిస్ తన గుంపు ఆకారాన్ని కోల్పోయి విడివిడి కణాలుగా పెరగవచ్చు. సినెకోసిస్టిస్ పీసీసీ 6803 జన్యుపటాన్ని జపాను శాస్త్రవేత్తలు 1996లో పూర్తిచేశారు. కిరణజన్య సంయోగక్రియ జరిపే జీవులలో పూర్తి జన్యుపటం వెలువడినది దీనికే మొదట. నేడు వివిధ ప్రయోగశాలలలో ఉన్న దీని ఉపవిభేదాలు చలనంలో, గ్లూకోజును తట్టుకొనుటలో పరస్పరం భిన్నంగా ఉన్నాయి. అందువలన ఏ సేకరణ నుండి విభేదాన్ని పొందారో పరిశోధన వ్యాసంలో పేర్కొనడం అవసరం.

ముఖ్యమైన సేకరణలు

పారిస్‌లోని పాశ్చర్ సంస్థ సేకరణ రోజర్ స్టానియర్ 1971లో అక్కడికి వచ్చిన తరువాత రూపుదిద్దుకొన్నది. పీసీసీ అనే అక్షరాలు దానినే సూచిస్తాయి. భారతదేశంలో న్యూఢిల్లీలోని భారత వ్యవసాయ పరిశోధన సంస్థలో నీలి ఆకుపచ్చ శైవలాల సేకరణ కలదు. వరి పొలాలకు జీవ ఎరువుగా పనికివచ్చే విభేదాలకు అది ప్రసిద్ధి. సముద్ర జాతుల కొరకు తిరుచిరాపల్లిలోని భారతీదాసన్ విశ్వవిద్యాలయంలో 1991లో జాతీయ కేంద్రం ఏర్పడింది.

నామకరణం

సయనోబాక్టీరియాకు శైవలాల నామకరణ నియమావళితో పాటు బాక్టీరియా నియమావళి కూడా వర్తిస్తుంది. మొదటిదానిలో ఎండబెట్టిన లేదా జీవక్రియలు నిలిచిన నమూనా ప్రామాణికం. రెండవదానిలో సజీవ వర్ధనాన్ని కనీసం రెండు దేశాలలోని సేకరణలలో జమచేయాలి. ఒకచోట వర్ధనం నశించినా, మరొకచోట నుండి దానిని పొందవచ్చు.