నిలిచిన పైగాలి.. కింద వడగాలి

నారాయణగూడ: మే నెలలో నారాయణగూడ కూడలిలో నిప్పులు చెరిగే ఎండకు సూర్యుడొక్కడే కారణం కాదు. సుమారు పది కిలోమీటర్ల ఎత్తున పడమటి నుంచి తూర్పుకు వీచే గాలులు ఏటివలె మెలికలు తిరుగుతూ సాగుతాయి. 1939లో వీటి తీరును వివరించిన శాస్త్రవేత్త పేరిట వీటిని రాస్‌బీ తరంగాలు అంటారు. ఇవి కదులుతుంటే చిక్కులేదు. నిలిచిపోతేనే ముప్పు. మెలిక ఉత్తరానికి ఉబ్బిన చోట గాలి పైనుంచి కిందికి దిగుతూ నొక్కుకుపోయి వేడెక్కుతుంది. మబ్బు పట్టదు. నేలలో తడి ఆరేకొద్దీ వేడిమి ఇంకా హెచ్చుతుంది.

దేశంలో వడగాడ్పులు రెండు తీరులని 2016లో జె.వి.రత్నం బృందం తేల్చింది. ఉత్తర, మధ్య భారతంలో వచ్చేవాటికి అట్లాంటిక్‌పై గాలులు స్తంభించడం మూలం. కోస్తాంధ్ర, ఒడిశాలలో వచ్చేవాటికి పసిఫిక్ మహాసముద్రం చల్లబడటం కారణం. అప్పుడు వాయవ్య గాలులు బలపడి సముద్రపు గాలిని అడ్డుకుంటాయి. హైదరాబాదుకు ఆ సముద్రపు గాలి ఆసరా ఎటూ లేదు. 1966 జూన్ 2న ఇక్కడ 45.5 డిగ్రీలు నమోదైంది. 2015 వేసవిలో రెండు తెలుగు రాష్ట్రాలలో దాదాపు రెండు వేల మంది వడదెబ్బకు బలయ్యారు. వారిలో ఎక్కువమంది కూలీలు, వృద్ధులే.

నిలిచిన అల ఒక్కపూటలో కదలదు. అందుకే రానున్న వేడిని వాతావరణ శాఖ కొద్దిరోజుల ముందే పసిగట్టగలుగుతోంది. నారింజ, ఎరుపు హెచ్చరికలు వెలువడిన రోజులలో తోపుడుబండ్లవారు, భవన నిర్మాణ కూలీలు మధ్యాహ్నం పన్నెండు నుంచి నాలుగు వరకు నీడపట్టున ఉండాలి. అశోక్‌నగర్‌లో పైఅంతస్తు గదులలో చదువుకునే అభ్యర్థులకు రాత్రివేళ కూడా జాగ్రత్త అవసరం. పగలు కాగిన కాంక్రీటు కప్పు తెల్లవారేదాకా సెగ కక్కుతూనే ఉంటుంది.