మెదడువాపు కథ: వరిమడి దోమ నుంచి మైక్రో ఆర్‌ఎన్‌ఏ దాకా

కోయిలకుంట్ల నుంచి మాట్లాడుతున్నాను. పోయిన రెండు ఎపిసోడ్లూ ఉయ్యాలవాడ నరసింహారెడ్డి గురించి చెప్పుకున్నాం. 1847లో ఆయన్ని ఉరితీసింది ఈ ఊళ్లోనే కాబట్టి, మా ఊరి చరిత్ర అంటే అందరికీ అదే గుర్తొస్తుంది. ఈ రోజు చెప్పే చరిత్రలో కత్తులూ గుర్రాలూ లేవు. ఒక దోమ, ఒక కొంగ, ఒక పంది, పిల్లల మెదడు, చివర్లో మామూలు మైక్రోస్కోపుకు కూడా కనపడని ఒక చిన్న పోగు. అంతే.

ఎందుకు ఎత్తుకున్నానంటే, నేను పంతులుగా చేసిన రోజుల్లో ఆరో తరగతిలో ఒక పిల్లోడు ఉండేవాడు. లెక్కల్లో చురుకు. దసరా సెలవులు అయిపోయినా బడికి రాలేదు. జ్వరం, ఆ వెంటనే ఫిట్స్, తెలివి తప్పిపోవడం. కర్నూలుకు తీసుకుపోయినారు. మెదడువాపు అన్నారు. సంక్రాంతి దాటినాక మళ్లీ బడికొచ్చాడు. బతికాడు, నిజమే. కానీ ఎక్కాలు పోయినాయి. పేరు రాయడానికి పూటంతా పట్టేది. వాళ్ల నాయన ఒకరోజు బడి గేటు దగ్గర నిలబడి అడిగాడు: "జరం పోయె, సూదులు అయిపోయె. పురుగు చచ్చిపోయిందన్నారు. మరి నా కొడుకు యాడికి పోయినాడు సార్?"

నా దగ్గర జవాబు లేదు. అప్పట్లో పెద్ద పెద్ద డాక్టర్ల దగ్గర కూడా పూర్తి జవాబు లేదని తర్వాత్తర్వాత చదివినప్పుడు తెలిసింది.

ముందు జబ్బు చరిత్ర. దీని పూర్తి పేరు జపనీస్ ఎన్‌సెఫలైటిస్. 1924లో జపాన్‌లో పెద్ద ఎత్తున వచ్చింది, 1935లో అక్కడే వైరస్‌ను పట్టుకున్నారు, అందుకే ఆ పేరు. మన దేశంలో మొదట గుర్తించింది 1955లో, వేలూరులో. అంటే చిత్తూరు సరిహద్దు దాటితే వచ్చే ఊరు. తర్వాత 1973లో బెంగాల్‌లోని బంకురా. 1999 అక్టోబరు, నవంబరు నెలల్లో మా పక్క జిల్లా అనంతపురం. 2005లో గోరఖ్‌పూర్ వైపు వచ్చిన దాంట్లో వెయ్యి మందికి పైగా పోయారు, ఎక్కువ మంది పిల్లలే.

ఇక్కడ ఒక చిన్న మెలిక. 2003 వేసవి చివర్లో మన రాష్ట్రంలో పిల్లలు ఒక్కరోజులోనే చనిపోవడం మొదలైంది. అందరూ ఇదే మెదడువాపు అనుకున్నారు. పూణే శాస్త్రజ్ఞులు చూస్తే అది చండీపురా వైరస్. దోమ కాదు, ఇసుక ఈగ మోసుకొచ్చేది. 329 మంది పిల్లలకు వస్తే 183 మంది పోయారు. కాబట్టి పేపర్లో "మెదడువాపు" అని ఉంటే అన్నిసార్లూ ఒకటే జబ్బు అనుకోకండి. పాత లెక్కలు చదివేటప్పుడు ఇది చాలా ముఖ్యం.

ఇప్పుడు మా జిల్లా. 2022 ఏప్రిల్‌లో నంద్యాల జిల్లా వేరుపడక ముందు మేము కర్నూలు జిల్లానే కదా. మదురైలో దోమల మీద పనిచేసే ప్రభుత్వ పరిశోధన సంస్థ వాళ్లూ, హైదరాబాదు ఐఐసీటీ వాళ్లూ కర్నూలు జిల్లా పల్లెల్లో ఏళ్ల తరబడి దోమలు పట్టి, వాటిలో ఈ వైరస్ ఉందా అని చూశారు. 2009లో అచ్చయింది. క్యూలెక్స్ జాతి దోమలే మోస్తున్నాయని తేల్చారు. ఇవి మురికి కాలువ దోమలు కావు, వరికయ్యలో నిలిచిన నీళ్లలో పెరిగేవి. కె.సి. కాలువ నీళ్లు, కుందూ నీళ్లు పారితే మాకు కర్నూలు సోనా పండుతుంది. ఆ నీళ్లలోనే ఇవీ పెరుగుతాయి.

వైరస్ అసలు ఇల్లు కొంగలు. దోమ కొంగను కుట్టి, పందిని కుడితే, పంది ఒంట్లో వైరస్ బాగా పెరుగుతుంది. అక్కడి నుంచి దోమ మనిషి దగ్గరికి తెస్తుంది. మనిషి రక్తంలో వైరస్ తక్కువ కాబట్టి మనిషి నుంచి ఇంకొకరికి పోదు. ఈ సంగతి తెలిశాక ఏమైందంటే, జ్వరాలు వచ్చిన ప్రతిసారీ పందులు పెంచుకుని బతికే ఎరుకల వాళ్ల మీద పడ్డారు. పందుల్ని ఊరి బయటకు తోలమన్నారు. కొంగను ఎవరూ తిట్టలేదు, వరి మానేద్దామని ఎవరూ అనలేదు. నా దృష్టిలో అది న్యాయం కాదు. పందుల్ని ఇళ్లకు దూరంగా పెట్టడంలో అర్థం ఉంది, ఒప్పుకుంటాను. కానీ దోషం మోసింది ఒక్క కులం వాళ్లే.

టీకా వచ్చాక పరిస్థితి మారింది. 2006 నుంచి చైనా టీకాతో ప్రచారాలు మొదలైనాయి. 2013లో హైదరాబాదు భారత్ బయోటెక్ "జెన్‌వాక్" తెచ్చింది. దానికి వాడిన వైరస్ మన పొరుగున కోలారులో దొరికిన రకమే. జబ్బు ఉన్న జిల్లాల్లో ఇప్పుడు తొమ్మిది నెలలకు ఒకటి, ఏడాదిన్నర ప్రాంతంలో ఇంకొకటి వేస్తారు.

సరే, ఇదంతా జబ్బు రాకుండా చూసుకోవడం. వచ్చి బతికిన వాళ్ల సంగతి? వైరస్ ఒంట్లోకి పోయినవాళ్లలో సుమారు 250 మందిలో ఒకరికే తీవ్రమైన జబ్బు వస్తుంది. అలా వచ్చినవాళ్లలో ముగ్గురిలో ఒకరి దాకా పోతారు. బతికినవాళ్లలో మూడో వంతు నుంచి సగం మందికి ఏదో ఒక లోటు మిగిలిపోతుంది. ప్రతి ఏడాదీ చచ్చిపోయినవాళ్లను లెక్కపెట్టాం గానీ, వీళ్లను ఎవరు లెక్కపెట్టారు?

2008లో హర్యానా మానేసర్‌లోని జాతీయ మెదడు పరిశోధన కేంద్రంలో అనిర్బన్ బసు బృందం ఒక మంచి సంగతి కనిపెట్టింది. ఈ వైరస్ ఎదిగిన నరాల కణాలనే కాదు, మెదడులో ఇంకా కొత్త కణాలను పుట్టించే మూల కణాలను కూడా పట్టుకుంటుందని ఎలుక పిల్లల్లో చూపించారు. మన భాషలో చెప్పాలంటే నాటిన పైరునే కాదు, నారుమడిని కూడా. విచిత్రం ఏంటంటే ఆ మూల కణాల్లో ఎక్కువ భాగం చావవు. బతికే ఉంటాయి, కానీ విభజన ఆగిపోతుంది. నారు మొలవదు.

మరి ఎవరు ఆపుతున్నారు? ఇక్కడికే రావాలనుకున్నాను.

1993లో అమెరికాలో విక్టర్ ఆంబ్రోస్, గ్యారీ రవ్‌కున్ ఒక మిల్లీమీటరు పొడవుండే పురుగులో 22 అక్షరాల చిన్న ఆర్‌ఎన్‌ఏను కనిపెట్టారు. దాన్నుంచి ఏ ప్రోటీనూ తయారు కాదు. అది వేరే ఆర్‌ఎన్‌ఏల మీద కూర్చుని, వాటి నుంచి ప్రోటీను రాకుండా చేస్తుంది. ఆ పురుగు ఎదుగుదలలో ఏ దశ ఎప్పుడు రావాలో నిర్ణయించేది అదే. ఏడేళ్లు దాన్ని పురుగుకే సంబంధించిన వింత అనుకున్నారు. 2000లో లెట్-7 అనే రెండోది దొరికింది, అది మనుషుల్లో కూడా ఉంది! వాళ్లిద్దరికీ నోబెల్ వచ్చింది 2024లో.

కె.సి. కాలువ మీద లస్కర్ ఉంటాడు కదా. ఆయన నీళ్లు పుట్టించడు, పంట పండించడు. తూము ఎంత లేపాలి, ఎంత దించాలి, అంతే ఆయన పని. కానీ ఏ కయ్య తడవాలో, ఏది ఎండాలో ఆయన చేతిలోనే ఉంటుంది. మైక్రో ఆర్‌ఎన్‌ఏ కణంలో లస్కర్ లాంటిది. వైరస్ కొత్త కాలువ తవ్వదు. లస్కర్‌ను తన వైపు తిప్పుకుంటుంది.

ఇది ఊరికే పోలిక కాదు, పరీక్షల్లో చూసిందే. 2015లో హైదరాబాదు సీసీఎంబీలో సునీత్ సింగ్ బృందం మెదడును కాపలా కాసే కణాల్లో మైక్రో ఆర్‌ఎన్‌ఏ-146ఎ పెరిగి, కణం తిరగబడే శక్తిని తగ్గిస్తోందని చూసింది. 2017లో బసు బృందం నరాల కణాల్లో 301ఎ అనే దాన్ని పట్టుకుంది. వైరస్ దాన్ని పెంచేసరికి ఇంటర్‌ఫెరాన్ అనే రక్షణ పదార్థానికి తూము పడిపోతోంది. ఎలుకల్లో ఆ 301ఎను అడ్డుకుంటే రక్షణ తిరిగొచ్చింది, బతికిన ఎలుకలు పెరిగినాయి. ఈ ఒక్క ఫలితం చదివినరోజు నాకు నిద్ర పట్టలేదు. 2019లో మనిషి మెదడు మూల కణాల్లోనే చూస్తే, 9, 124 లాంటి అంకెలున్న మైక్రో ఆర్‌ఎన్‌ఏల లెక్క తప్పిపోతోంది. మామూలుగా మెదడు ఎదగడానికి కావలసినవే అవి. ఎప్పుడు ఎంత ఉండాలన్నదే ముఖ్యం, అదే తారుమారైంది. ఆ ఏడాదే ఇంకో పరిశోధనలో లెట్-7 కూడా దొరికింది, కాపలా కణాల నుంచి బయటికొచ్చి పక్కనున్న నరాల కణాలను చంపుతూ. పురుగులో దొరికింది చూడండి, అదే.

ఇదంతా ఎలుకల్లోనూ గాజు పళ్లేల్లోనూ జరిగిన పని. ఈ రోజుకీ మెదడువాపు వైరస్‌ను చంపే మందు లేదు. ఫిట్స్ ఆపుతారు, వాపు తగ్గిస్తారు, ఊపిరి అందేలా చూస్తారు. ఒక మైక్రో ఆర్‌ఎన్‌ఏ వందల పనుల్లో వేలు పెడుతుంది కాబట్టి, దాన్ని ఆపితే ఇంకెక్కడ ఎండిపోతుందో చూసుకోవాలి. ఎవరైనా "మైక్రో ఆర్‌ఎన్‌ఏ వైద్యం" అని ఫోన్‌లో పంపిస్తే నమ్మి డబ్బులు కట్టొద్దు.

ఆ పిల్లోడు ఇప్పుడు నలభై దగ్గర పడ్డాడు. బస్టాండు దగ్గర వాళ్లన్న టీ కొట్లో గ్లాసులు అందిస్తాడు. నన్ను చూస్తే "సార్" అంటాడు, నా పేరు మాత్రం ప్రతిసారీ కొత్తగా అడుగుతాడు. వాళ్ల నాయన ఉన్నాడు. పోయిన నెల ఆయన్ని కూర్చోబెట్టి ఇదంతా చెప్పాను, లస్కర్ కథతో సహా. చివరిదాకా విన్నాడు. "అంటే పిల్లోని తప్పు గాదు, మేము సరిగా చూసుకోకపోవడం గాదు, అంతేనా?" అన్నాడు. అంతే అన్నాను.

వచ్చే ఎపిసోడ్ కె.సి. కాలువ మీద, తవ్విన మద్రాసు ఇరిగేషన్ కంపెనీ నష్టపోయి 1882లో సర్కారుకు అమ్ముకున్న కథ. ఉంటాను.