కియాంతి తెల్లబాటలు: ద్రాక్షకోతల కాలపు సైకిలు యాత్ర వెనుక చరిత్ర

ఇటలీలోని టస్కనీ ప్రాంతంలో, ఫ్లోరెన్స్, సియెనా నగరాల నడుమ, ద్రాక్షతోటలూ ఆలివ్ తోటలూ ఓక్ అడవులూ కలగలిసిన కొండసీమను కియాంతి అంటారు. ఏటా అక్టోబరు ఆరంభంలో, ద్రాక్షకోతలు ముగింపునకు వచ్చే వేళ, ఈ సీమలోని గయోలె అనే చిన్న పట్టణం నుంచి వేలమంది పాతకాలపు ఉక్కు సైకిళ్లపై బయలుదేరుతారు. తారు ఎరుగని తెల్లని కంకరబాటల మీదుగా, వైన్‌కు పేరుపడిన కోటలనూ పల్లెలనూ దాటుకుంటూ, దారిలోని మజిలీలలో రొట్టె, సూపు, వైన్ పంచుకొని, తిరిగి గయోలె చేరుకొంటారు. ‘ఎరోయికా’, అనగా వీరోచితమైనది, అనే పేరుగల ఈ యాత్ర 1997లో మొదలైంది కనుక దీన్ని నేటి కాలపు వేడుకగా మాత్రమే చూడడం సహజం. అయితే ఇందులో కలిసే బాట, వైన్, సైకిలు అనే మూడింటి చరిత్రనూ విడమరిచి చూస్తే, ఈ విహారానికి కావలసిన ప్రతిదీ ఒకప్పుడు శ్రమజీవుల బతుకుతెరువులో భాగమేననీ, ఆ బాటలు నేటిదాకా మిగలడానికి మూలకారణం పల్లెలు ఖాళీ కావడమేననీ తేటతెల్లమవుతుంది.

కియాంతి నేల వ్యవసాయానికి సులువుగా లొంగేది కాదు. పొరలుపొరలుగా విడిపోయే ‘గలేస్త్రో’ అనే మెత్తని బంకరాయి, ‘అల్బరేజె’ అనే గట్టి సున్నపురాయి ఇక్కడి కొండవాలుల్లో ప్రధానంగా కనిపిస్తాయి. ధాన్యానికి అంతగా అనువుకాని ఈ రాతినేల నీటిని నిలవనీయక ద్రాక్షవేళ్లను లోతుకు దిగేలా చేస్తుంది. తెల్లబాటల రంగు కూడా ఈ సీమ సున్నపురాళ్ల నుంచి వచ్చినదే. మధ్యయుగంలో ఈ సీమ ఫ్లోరెన్స్, సియెనా రాజ్యాల సరిహద్దుగా ఉండి తరచు యుద్ధాలకు నెలవైంది. సరిహద్దు రక్షణ కోసం ఫ్లోరెన్స్ పాలకులు రాద్దా, గయోలె, కాస్తెల్లీనా అనే మూడు ఊళ్లను కలిపి 14వ శతాబ్దంలో ‘కియాంతి కూటమి’ని ఏర్పరచగా, ఆ కూటమికి నల్లని కోడిపుంజు చిహ్నమైంది. ఈ చిహ్నాన్ని గురించి ప్రచారంలో ఉన్న ఐతిహ్యం ఒక సుదీర్ఘ స్వారీకి సంబంధించినది. కోడికూతతో రెండు నగరాల నుంచీ రౌతులు బయలుదేరి, ఎక్కడ ఎదురుపడితే అక్కడ సరిహద్దు నిర్ణయించుకోవాలని ఒప్పందం జరిగిందట. ఫ్లోరెన్స్ వారు తమ నల్లపుంజుకు మేత పెట్టకుండా మాడ్చడంతో అది ఆకలికి తాళలేక నడిరాత్రి దాటగానే కూసిందనీ, అందువల్ల వారి రౌతు చాలా ముందుగా బయలుదేరి సియెనా సమీపందాకా రాగలిగాడనీ, సీమలో అధికభాగం ఫ్లోరెన్స్ వశమైందనీ ఆ కథ చెబుతుంది. ఇది చారిత్రక సత్యంగా నిలవకపోయినా, ఈ కొండల ప్రజలు తమ సీమ హద్దులను దారితోనూ ప్రయాణంతోనూ ముడిపెట్టి ఊహించుకొన్నారనడానికి మంచి నిదర్శనం.

వైన్ విషయంలో హద్దుల నిర్ణయం 18వ శతాబ్దంలో శాసనరూపం దాల్చింది. టస్కనీని పాలించిన గ్రాండ్ డ్యూక్ మూడవ కోసిమో దె మెదిచి 1716 సెప్టెంబరులో వెలువరించిన శాసనం కియాంతి, పొమీనో, కార్మిన్యానో, ఎగువ ఆర్నో లోయ అనే నాలుగు ప్రాంతాల ఎల్లలను నిర్దేశించి, ఆ ఎల్లలకు వెలుపల పండిన వైన్‌ను ఆ పేర్లతో అమ్మడాన్ని నిషేధించింది. ఒక పంటకు దాని పుట్టిననేల పేరుతో చట్టరక్షణ కల్పించిన తొలి శాసనాలలో ఇది ఒకటి. ఎల్లలను శాసనం నిర్ణయించగా, ఆ వైన్‌కు రుచిని స్థిరపరచిన వ్యక్తి బెత్తీనో రికాసొలి. గయోలె సమీపంలోని బ్రోలియో కోట 1141 నుంచి ఆయన వంశీయుల అధీనంలో ఉంది. ఏకీకృత ఇటలీకి 1861లో రెండవ ప్రధానమంత్రి అయిన ఈయన రాజకీయాలకు వెలుపల ఎంతో కాలాన్ని బ్రోలియో తోటల్లో ద్రాక్షరకాలపై ప్రయోగాలకు వెచ్చించి, వాటి ఫలితాలను 1872లో పీసా విశ్వవిద్యాలయ ఆచార్యుడు చేసరె స్తుదియాతికి రాసిన లేఖలో వివరించాడు. పరిమళానికీ పటుత్వానికీ సాంజొవేజె అనే నల్లద్రాక్ష, దాని కరకుదనాన్ని తగ్గించడానికి కనాయొలో, నిల్వ ఉంచకుండా తాగే వైన్‌కైతే తేలికదనం కోసం తెల్లద్రాక్ష మల్వాజియా కలపాలన్నది ఆ లేఖలోని సారాంశం. ఆ తర్వాత దాదాపు ఒక శతాబ్దంపాటు కియాంతి వైన్ తయారీకి ఇదే ఆధారమైంది.

పేరు కోట యజమానులకు దక్కినా పంట పండించినవారు వేరు. టస్కనీ వ్యవసాయమంతా శతాబ్దాలపాటు ‘మెజ్జద్రియా’ అనే పద్ధతిలో సాగింది. భూస్వామి భూమినీ ఇంటినీ సమకూర్చగా, రైతు కుటుంబం యావత్తూ శ్రమించి పండిన పంటలో సగాన్ని ఆయనకు అప్పగించే ఈ పద్ధతి, తెలుగు పల్లెల్లో ‘పాలుకు సేద్యం’ అని వ్యవహరించేదానికి దగ్గరగా ఉంటుంది. ఒక్కొక్క కుటుంబం సాగుచేసే కమతాన్ని ‘పొదేరె’ అనీ, అనేక పొదేరెల పంటను చేర్చుకొని వైన్ తయారుచేసే నేలమాళిగలూ గాదెలూ ఉన్న ఎస్టేటు కేంద్రాన్ని ‘ఫత్తోరియా’ అనీ పిలిచేవారు. కుటుంబానికి కావలసిన గోధుమ, ఆలివ్ నూనె, కూరగాయలు, పశువుల మేత అన్నీ ఆ ఒక్క కమతంలోనే పండాలి కనుక, ద్రాక్షతీగలను మేపుల్ వంటి చెట్లకు పాకించి, వరుసల మధ్య నేలలో ధాన్యం వేసేవారు. సెప్టెంబరు, అక్టోబరు నెలల్లో ‘వెండెమ్మియా’ అనే ద్రాక్షకోత వచ్చినప్పుడు ఇరుగుపొరుగు కుటుంబాలు ఒకరి తోటలో మరొకరు పనిచేసి సాయం తీర్చుకొనేవి. కొన్ని గుత్తులను వేరుగా ఆరబెట్టి, మొదటి పులియబెట్టడం ముగిసిన వైన్‌లో ఆ ఎండుద్రాక్ష రసాన్ని కలిపి మళ్లీ పొంగించే ‘గొవెర్నో’ అనే ప్రక్రియ ఆ తర్వాతి వారాల్లో జరిగేది. చలికాలపు సాయంత్రాలలో పొయ్యి చుట్టూ చేరి కథలూ కబుర్లూ చెప్పుకొనే ‘వేలియా’ అనే ఆచారం కూడా ఈ కుటుంబాలదే. వైన్ ఉన్న చోట స్నేహితులు కలుసుకోవడమనే అలవాటుకు మూలాలు వెతికితే, అవి ప్రభువుల విందుశాలల కంటే ఈ రైతుల వంటిళ్లలోనే గాఢంగా కనిపిస్తాయి.

తెల్లబాటలు ఈ వ్యవస్థకు నరాల వంటివి. పొదేరె నుంచి ఫత్తోరియాకు, అక్కడి నుంచి చర్చికీ పిండిమరకూ సంతకూ ఎడ్లబండ్లు నడవాలి కనుక, పొలాల్లో ఏరిన రాళ్లను పగులగొట్టి పరచి, వాననీరు పోయేలా పక్కన కాలువలు తీసి, గట్లు ఒరిగిపోకుండా రాతికట్టు కట్టి ఈ బాటలను నిలబెట్టారు. బాట ఎక్కువగా కొండ శిఖరపు గీత వెంబడి సాగి, ఒక్కసారిగా లోయలోకి దిగి, వెంటనే నిట్టనిలువుగా ఎక్కుతుంది. దూరంగా విసిరేసినట్టున్న కమతాలన్నిటినీ కలిపే ఏర్పాటు ఇది. సైకిలు తొక్కేవారికి ఎంతో శ్రమ కలిగించే ఈ ఎగుడుదిగుళ్లు రైతు ఇళ్ల అమరికకు ప్రతిబింబాలే తప్ప పోటీల కోసం ఎవరూ కల్పించినవి కావు.

ఈ సీమకు సైకిలు నగరం నుంచి వచ్చింది. ఇటలీలో ఊరి నుంచి ఊరికి జరిగిన తొలి పోటీగా పేర్కొనే ఫ్లోరెన్స్–పిస్తోయా పందెం 1870 ఫిబ్రవరి 2న జరిగింది. అప్పటి సైకిలుకు గొలుసు లేదు, పెడళ్లు నేరుగా ముందు చక్రానికే బిగించి ఉండేవి. రెండు చక్రాలూ సమానంగా ఉండి గొలుసుతో నడిచే సైకిలు శతాబ్దాంతానికి వ్యాప్తి చెందాక, పోటీతో నిమిత్తం లేని దూరప్రయాణం ఒక అభిరుచిగా రూపుదిద్దుకొంది. 1894లో మిలాన్‌లో 57 మంది సైకిలు ప్రియులు కలిసి స్థాపించిన పర్యటన సంఘం, తర్వాత ‘తూరింగ్ క్లబ్ ఇతాలియానో’గా పేరు మార్చుకొని, దారి సూచించే పలకలు నాటించడం, మార్గదర్శక గ్రంథాలూ వివరమైన దేశపటాలూ ముద్రించడం వంటి పనులు చేపట్టింది. నగరవాసికి తన దేశపు పల్లెసీమను కంటితో చూపించడంలో ఈ సంఘం పాత్ర గొప్పది. పోటీలు సైతం రుతువులను అనుసరించి స్థిరపడ్డాయి. 1905లో ప్రారంభమైన లొంబార్డీ పందెం శరత్కాలంలో జరగడం వల్ల ‘ఆకులు రాలే వేళ పందెం’ అని పేరుపొందగా, 1909లో ‘జీరో దితాలియా’ అనే దేశవ్యాప్త పందెం మొదలైంది. ఆ పందేలన్నీ మట్టి, కంకర దారుల మీదనే జరిగేవి కనుక, దుమ్ము కప్పిన ముఖంతో, భుజాలకు అడ్డంగా అదనపు టైరు వేసుకొని సాగే క్రీడాకారుడి రూపం ఆ తరపు ప్రజల మనసులో వీరుడి రూపంగా ముద్రపడింది.

ధర తగ్గుతున్నకొద్దీ సైకిలు కూలీలకూ రైతులకూ చేతివృత్తులవారికీ అందుబాటులోకి వచ్చింది. ఫ్లోరెన్స్ శివారు గ్రామం పోంతె ఆ ఎమాలో 1914లో పేద కుటుంబంలో పుట్టిన జీనో బార్తాలి, సైకిలు మరమ్మతు దుకాణంలో పనిచేస్తూ తొక్కడం మొదలుపెట్టి, 1938లోనూ రెండవ ప్రపంచయుద్ధం తర్వాత 1948లోనూ ఫ్రాన్సు దేశపు ‘తూర్ ద ఫ్రాన్స్’ పందెం గెలిచాడు. జర్మన్ ఆక్రమణ కాలంలో శిక్షణ కోసం తొక్కుతున్నట్టు కనిపిస్తూ, సైకిలు గొట్టంలో దాచిన గుర్తింపు పత్రాలను ఫ్లోరెన్స్ నుంచి అస్సీసీ వంటి ఊళ్లకు చేరవేసి యూదుల ప్రాణరక్షణకు తోడ్పడ్డాడన్న కారణంతో, జెరూసలేంలోని యాద్ వషెమ్ సంస్థ 2013లో, ఆయన మరణానంతరం, ఆయనను ‘దేశదేశాల ధర్మపరుల’లో ఒకరిగా గుర్తించింది. టస్కనీలో సుదీర్ఘ సైకిలు ప్రయాణానికి ఉన్న గౌరవం వెనుక ఇటువంటి స్మృతులున్నాయి.

రెండవ ప్రపంచయుద్ధం ముగిశాక మెజ్జద్రియా వేగంగా కుప్పకూలింది. సగం పంట అప్పగించే బతుకు కంటే కర్మాగారపు జీతం మేలని భావించిన కుటుంబాలు 1950, 1960 దశకాల్లో పెద్దసంఖ్యలో పట్టణాలకు తరలిపోగా, రాతి ఇళ్లు తలుపులు మూసుకొన్నాయి. 1964 నాటి చట్టం కొత్త మెజ్జద్రియా ఒప్పందాలను నిషేధించడంతో ఆ వ్యవస్థకు అధికారికంగా తెరపడింది. ఇటలీ అంతటా ప్రధాన రహదారులకు తారు వేసిన దశాబ్దాలు కూడా ఇవే. జనం వెళ్లిపోయిన కొండదారులకు తారు వేయవలసిన అవసరం ఎవరికీ కనిపించలేదు. ఆ విధంగా, వెనుకబాటుతనమే తెల్లబాటలకు తొలి రక్షణకవచమైంది. తోటల రూపం మాత్రం మారింది. చెట్లకు పాకిన తీగలూ వాటి మధ్య ధాన్యమూ పోయి, ట్రాక్టరు తిరగడానికి వీలైన ఎడంతో ద్రాక్షవరుసలు వెలిశాయి. దిగుబడి పెరిగినా నాణ్యత తగ్గి కియాంతి పేరు కొంతకాలం మసకబారింది. 1924లో రాద్దాలో 33 మంది ఉత్పత్తిదారులు నల్లపుంజు గుర్తుతో స్థాపించుకొన్న సంఘం, పాత ఎల్లల్లోని వైన్‌కు ప్రత్యేక ప్రతిపత్తి కోసం సాగించిన ప్రయత్నాలు క్రమంగా ఫలించాయి. కియాంతికి 1984లో అత్యున్నత శ్రేణి గుర్తింపు లభించగా, 1996లో ‘కియాంతి క్లాసికో’ స్వతంత్ర వైన్‌గా వేరుపడింది.

సరిగ్గా ఆ మరుసటి సంవత్సరమే ఎరోయికా ఆరంభం కావడం గమనించదగినది. వైన్ పేరు పెరిగి, మూతపడిన రాతి ఇళ్లకు విలువ వచ్చి, తెల్లబాటలపై తారు పడే ప్రమాదం దగ్గరపడిన దశలో, గయోలెకు చెందిన జాంకార్లో బ్రొచ్చి ఆ బాటలను కాపాడుకోవాలన్న సంకల్పంతో ఈ యాత్రను రూపొందించగా, తొలి ఏడు పాల్గొన్నవారు 92 మంది. 1987కు పూర్వం తయారైన రోడ్డు సైకిలు లేదా ఆ నమూనాలోని సైకిలు వాడడం, గేరు మార్చే మీటలు సైకిలు చట్రపు గొట్టంపైనే ఉండడం, పాదాలను పెడళ్లకు పట్టీలతో బిగించుకోవడం, బ్రేకు తీగలు బయటికి కనిపించేలా ఉండడం ఇందులోని ప్రధాన నియమాలు. 209 కిలోమీటర్ల పెద్ద మార్గాన్ని ఎంచుకొన్నవారు చీకటిలోనే బయలుదేరి, దీపాలు వెలిగించిన సరుగుడు వంటి సైప్రస్ చెట్ల వరుస మధ్యగా బ్రోలియో కోటకు ఎక్కి, సియెనా దక్షిణాన బంకమట్టి గుట్టలను దాటి, మరొక ప్రసిద్ధ వైన్ పట్టణమైన మోంతల్చీనోను తాకి, మళ్లీ కియాంతికి చేరుకొంటారు. మజిలీలలో పెట్టే ‘రిబొల్లీతా’ అనే పులుసు, మిగిలిన రొట్టెనూ చిక్కుళ్లనూ ఆకుకూరలనూ మళ్లీ మరిగించి చేసే, పాలుకు సేద్యం చేసిన రైతుల వంటకమే. ఈ యాత్ర స్ఫూర్తితో 2007 అక్టోబరులో వృత్తి క్రీడాకారుల పందెం ఒకటి గయోలె నుంచి సియెనాకు జరిగింది. మరుసటి ఏడు మార్చి నెలకు మారిన ఆ పందెమే నేడు ‘స్త్రాదె బియాంకె’, అంటే తెల్లబాటలు, అనే పేరుతో ప్రపంచ ప్రసిద్ధి పొందింది. 2015 నుంచి మహిళలకు కూడా ఈ పందెం జరుగుతోంది.

ఈ చరిత్ర నుంచి గ్రహించవలసిన విషయం స్పష్టమైనది. పాత బాట తనంతట తాను నిలిచి ఉండదు. ప్రతి వర్షాకాలమూ కంకర కొట్టుకుపోతుంది, కాలువ పూడిపోతుంది, గట్టు జారిపోతుంది. ఒకప్పుడు ఆ మరమ్మతు రైతు కుటుంబాల నిత్యశ్రమలో భాగం కాగా, ఇప్పుడది స్థానిక సంస్థల నిధులపైనా ప్రజల పట్టుదలపైనా ఆధారపడింది. ఉపేక్ష వల్ల కొన్ని దశాబ్దాలపాటు మిగిలినదాన్ని అభిమానంతోనే ముందుకు నిలపగలమని గ్రహించడంలోనే ఎరోయికా గొప్పదనం ఉంది. అయితే ఆ అభిమానం రాయికీ ద్రాక్షకూ ఉక్కు సైకిలుకూ పరిమితమైతే చాలదు. రికాసొలి పేరును ప్రతి వైన్ గ్రంథమూ స్మరిస్తుంది, పందెం గెలిచినవారి పేర్లు పట్టికలకెక్కుతాయి. రాళ్లు పగులగొట్టి బాట పరచి, పండినదాంట్లో సగం అప్పగించి, చివరకు ఊరు విడిచిపోయిన కుటుంబాలకు మాత్రం అటువంటి పట్టికలు లేవు. శరత్కాలపు ఎండలో తోటి మిత్రులను కలుసుకోవడానికి ద్రాక్షతోటల వైపు సైకిలు తొక్కే ప్రతి యాత్రికుడూ వారు వేసిన దారినే అనుసరిస్తున్నాడు. కనుక తెల్లబాటల చరిత్ర రాసేవారు ఆ కుటుంబాల శ్రమను దానికి తొలి అధ్యాయంగా నిలపడం న్యాయం.