ప్రేలిన నక్షత్రములు – మన పొలములు



శీతకాలపు రాత్రులందు కామారెడ్డి, ఎల్లారెడ్డి పొలములలో నిలిచి చూచినచో రోహిణి ఎఱ్ఱగా ప్రకాశించుచుండును. దానికి తూర్పున, వృషభము కొమ్ముకొన యొద్ద, కంటికి కానరాని యొక వాయుమేఘము కలదు. అది ప్రేలిన నక్షత్రపు శేషము. ఆ ప్రేలుడు వెలుగు భూమికి చేరినది 1054వ సంవత్సరమున. చీనా జ్యోతిష్కులు దానిని పట్టపగలు 23 దినములు చూచి వ్రాసియుంచిరి. ఆ వెలుగు చల్లారినను, ఆ మేఘమునుండి ఎక్స్ కిరణములు, గామా కిరణములు నేటికిని వెలువడుచున్నవి.

1912లో ఆస్ట్రియా దేశీయుడగు విక్టర్ హెస్ బెలూనునెక్కి 5,300 మీటర్ల యెత్తునకు పోయి, ఆకాశమునుండి తీవ్రమైన ప్రసారమొకటి భూమికి వచ్చుచున్నదని కనుగొనెను. అవియే విశ్వకిరణములు. వాని పుట్టినిల్లు ప్రేలిన నక్షత్రములని 1934లో బాడే, జ్వికీ యను విద్వాంసులు ఊహించిరి. ఫెర్మీ ఉపగ్రహము అట్టి రెండు శేషములందు స్పష్టమైన నిదర్శనము చూపినది 2013లో.

ఇంతకాలమేల పట్టెను? విశ్వకిరణములు చాలవఱకు విద్యుదావేశము గల కణములు. అంతరిక్షమందలి అయస్కాంత క్షేత్రములు వానిని త్రిప్పివేయును. కావున వచ్చిన చోటు తెలియదు. గామా కిరణములు తిన్నగా వచ్చును గాని, వానిని మన వాయుమండలము మ్రింగివేయును. కనుక పరికరములను గాలికి పైకి పంపవలసియున్నది.

ఇందుకు హైదరాబాదు తగిన చోటు. భూమి అయస్కాంత మధ్యరేఖకు చేరువగుటచే, ఇచ్చట అల్పశక్తి గల విశ్వకణములు అడ్డగింపబడును. సన్నని సంకేతములు తేటగా దొరకును. టాటా మౌలిక పరిశోధన సంస్థవారు అచ్చటి బెలూను కేంద్రమునుండి పలుచని ప్లాస్టిక్ బెలూనులను ఎగురవేయుదురు. అవి 30, 40 కిలోమీటర్ల యెత్తునకు పోవును. పని ముగిసిన పిమ్మట పరికరపు పెట్టె పారాషూటుతో ఎచ్చటనో నేలకు దిగును. 2025 జనవరిలో మన పొరుగున బీదరు జిల్లాలోని యొక గ్రామమున అట్టి బెలూను దిగగా జనులు విస్తుపోయిరి.

రేపు మన చేనిలోనే దిగవచ్చును. అప్పుడు భయపడకుడు, పగులగొట్టకుడు. పోలీసు ఠాణాకు తెలుపుడు. ఆ పెట్టెలోనిది వేలయేండ్లు పయనించి వచ్చిన వార్త. దానిని చెడనీయక అప్పగించు రైతు చేయియు ఆ శాస్త్రచరిత్రలో భాగమే.