ఒడ్డున నుండు ఊరు, మీద పారు నీరు

వైనతేయ గోదావరి సముద్రమునకు పోవు త్రోవలో, పి. గన్నవరము వద్ద, నదికి అడ్డముగా 49 కమానులు వరుసతీర్చి, ఒక్కొక్క కమానునకు 40 అడుగుల యెడమిచ్చి, వానిపై రాజోలు సీమకు సాగునీటిని కొనిపోవుటకై కట్టిన అక్విడక్టు పందొమ్మిదవ శతాబ్దపు నడిమి కాలమునాటిది. కాటను దొర సంకల్పించిన డెల్టా పథకములో భాగముగా హేగ్ అను సైనిక ఇంజనీరు దానిని నిర్మించెను. 2000 సంవత్సరమున ఆ సమీపముననే కొత్త అక్విడక్టు వెలసి, అన్నపూర్ణయని పేరొందిన డొక్కా సీతమ్మగారి పేరు దాల్చినది. నది మీద కాలువ! తెలుగువాడు తడుముకొనక చెప్పు ఈ మాటను ఇంగ్లీషులో పెట్టబోయిన విద్యార్థి, బడిలో తాను వల్లించిన ‘మీద యనగా ఆన్’ అను సూత్రమును నమ్మెనేని అచ్చటనే తప్పటడుగు వేయును. ఏలయన నీటిని తాకక పైగా దాటిపోవుదానికి ఆ భాషలో ‘ఓవర్’ అను వేరొక మాట కలదు.

ఇక రాజమహేంద్రవరము సంగతి చూడుడు. అది గోదావరి ‘ఆన్’ ఉన్నదని ఇంగ్లీషువాడు నిస్సంకోచముగా వ్రాయును. గోదావరి మీద రాజమహేంద్రవరమని మనము వ్రాసితిమేని చదువరి మనస్సున ఊరెల్ల పడవయై తేలును. మనకు ఒడ్డు వేరు, గట్టు వేరు, రేవు వేరు, లంక వేరు. ఏటి పాయల నడుమ పుట్టి, వరదనాడు ఏ మెట్టు మునిగినదో ఏది మిగిలినదో చూచుకొని బ్రదికిన కోనసీమవానికి ఈ భేదములు నిత్యావసరములు. ఒడ్డున ఊరుండును, లంకలో తోట యుండును, గట్టు మీద బండి పోవును, రేవులో పడవ యాగును.

ధవళేశ్వరపు ఆనకట్ట 1847లో ఆరంభమై 1852లో ముగిసినది. ఆ 1852లోనే చార్లెస్ ఫిలిప్ బ్రౌను దొర తెలుగు-ఇంగ్లీషు నిఘంటువు మదరాసున వెలువడినది. ఒకటి నీటికి కట్టిన కట్ట, మరియొకటి మాటలకు త్రవ్విన కాలువ. ఈ రెండును ఒక్క యేట సిద్ధించుట యాదృచ్ఛికమే యైనను, తలచినప్పుడెల్ల నాకు ఆనందమే. అంతకు మునుపే 1816లో కాంబెల్, 1840లో బ్రౌను తెలుగునకు ఇంగ్లీషులో వ్యాకరణములు వ్రాసియుండిరి. నామమునకు ముందు నిలుచు మాటలకు అలవాటుపడిన ఆ పండితులు, నామమునకు వెనుక నిలుచు మన మాటలను తమవారికి బోధింపవలసివచ్చినప్పుడు పడిన శ్రమ సామాన్యమైనది కాదు.

ఆ ‘ఆన్’ అను మాట పుట్టుక విచారించిన మరింత వింతగా నుండును. ప్రాచీనాంగ్లమున దానికి ‘మీద’ యనుటయే కాక ‘లోపల’ యను నర్థమును చెల్లుచుండెను. నిద్రించుచున్నాడనుటకు నేటివారు వాడు ‘అస్లీప్’, బ్రదికియున్నాడనుటకు వాడు ‘అలైవ్’ అను మాటల మొదటి అకారము అరిగిపోయిన ‘ఆన్’ తప్ప వేరు కాదు. అనగా వారి పూర్వులకు ప్రాణము మీద నుండుటయే జీవించుట. మన యిండ్లలోనో, ‘ప్రాణము మీదికి వచ్చినది’ యనగానే ఆబాలగోపాలము గుండెలు బాదుకొని వైద్యునికై పరుగెత్తుదురు! అవే రెండు మాటలు కలిసి అచ్చట బ్రతుకును, ఇచ్చట చావుముప్పును తెలుపుచున్నవి. పదమునకు పదము పెట్టి అనువాదము ముగించితినని తృప్తిపడువారు ఈ యొక్క ఉదాహరణమును మనస్సున నుంచుకొందురుగాక.

మన ‘మీద’ సైతము సామాన్యమైనది కాదు. చిన్నయసూరి బాలవ్యాకరణమున లెక్కించిన చేత, తోడ, కొఱకు, వలన మొదలగు విభక్తి ప్రత్యయముల పంక్తిలో దానికి పీట లేదు. అది యథార్థముగా నామము. కావుననే మీదికి, మీదినుండి, మీది గది యని తానే విభక్తులను తాల్చును. దాని మూలరూపమగు ‘మీదు’ పాలకుండలోనే దాగియున్నది: మీదు, కడ యను రెండును కలిసి మీగడ యైనవి. పాలు తోడు పెట్టు గృహిణి ప్రతిదినమును ఉచ్చరించు మాటలో ఇంత వ్యాకరణ మున్నదని తెలిసిననాడు నేను చాలసేపు ఆ కుండవంక చూచుచు కూర్చుంటిని.

దాని వ్యవహారమునకు మేర లేదు. పని మీద పోవుదుము, ఆకలి మీద నుందుము, మాట మీద నిలుతుము, బిడ్డ మీద బెంగపెట్టుకొందుము. పొలము తండ్రి పేరు మీద నుండును. దాయాది దాని కొఱకు మన మీద దావా వేయును. ఇన్నింటిలో ‘ఆన్’ సరిపోవునది ఏ కొన్నియో. దావా మాట వచ్చునప్పటికి ఇంగ్లీషువాడు ‘అగైనెస్ట్’ అను కత్తి తీయవలసినదే.

మాఘమాసమున భీష్మైకాదశినాడు అంతర్వేది లక్ష్మీనరసింహస్వామి రథము కదలును. కష్టకాలమున స్వామికి మీదుకట్టిన ముడుపును పసుపుగుడ్డలో భద్రపరచుకొన్న అమలాపురపు ముత్తైదువ, అంబాజీపేట మీదుగా గన్నవరము చేరి, వైనతేయ మీద వంతెన దాటి, రాజోలు త్రోవ పట్టును. మూడు మీదులును ఆమె ప్రయాణములోనివే. ఒడిలోని ముడుపు మాత్రము ఆమె చేతిక్రిందనే యుండును.