కుక్కకు మందు, పిల్లికి విషం

చాలా ఏళ్ళ క్రితం నేను వేసిన ఒక తెలివితక్కువ లెక్కతో ఈ వ్యాసం మొదలుపెడతాను. అప్పట్లో మా ఇంట్లో ఒక కుక్క, ఒక పిల్లి ఉండేవి. కుక్కకు మిన్నల్లులు పట్టాయి. ఒంటిమీద దూకుతూ నెత్తురు పీల్చే చిన్న పురుగులివి. మెడ వెనుక వేసే చుక్కలమందు తెచ్చి కుక్కకు వేశాను. గొట్టంలో కాస్త మిగిలింది. పిల్లి బరువు కుక్క బరువులో నాలుగోవంతు గనుక, ఆ మిగిలిన కాస్తా దానికి సరిపోతుందని వేసేశాను.

రాత్రికి పిల్లి చెవులు అదరసాగాయి. తెల్లవారేసరికి ఒళ్ళంతా వణుకు, నోటివెంట చొంగ. పశువైద్యుడు అడిగిన మొదటి ప్రశ్న: "కుక్కమందు వేశారా అండీ?"

నా లెక్క ఎక్కడ తప్పిందో తెలుసుకోవాలని ఆ మందు చరిత్ర వెదికాను. అది ఒక పువ్వుతో మొదలవుతుంది. పంతొమ్మిదో శతాబ్దంలో పర్షియా, డాల్మేషియా ప్రాంతాల చామంతి జాతి పువ్వులను ఎండబెట్టి దంచిన పొడిని యూరప్‌లో పురుగులమందుగా అమ్మేవారు. దాని రసాయన నిర్మాణంపై స్టౌడింగర్, రుజిక్క చేసిన పరిశోధన 1924లో వెలువడింది. ఎండ తగిలితే త్వరగా చెడిపోవడం ఆ పొడికున్న లోపం. 1949లో దానిని పోలిన కృత్రిమ రసాయనం అల్లెత్రిన్ తయారయింది. మన ఇళ్ళలో వెలిగించే దోమల చుట్టలలోని మందులది ఈ వంశమే. 1973లో ఇంగ్లండులోని రోథామ్‌స్టెడ్ పరిశోధన కేంద్రంలో మైకేల్ ఇలియట్ బృందం ఎండకు నిలిచే పెర్మెత్రిన్‌ను వెలుగులోకి తెచ్చింది. పొలాలకూ దోమతెరలకూ చేరిన ఆ మందు కుక్క మెడమీదికీ చేరింది.

నరాలలోని సోడియం ద్వారాలను పెర్మెత్రిన్ సకాలంలో మూసుకోనీయదు. నరం ఆగకుండా స్పందించి పురుగు చస్తుంది. కుక్క శరీరం ఈ రసాయనాన్ని విడగొట్టి బయటికి పంపేయగలదు. పిల్లి కాలేయానికి, ఇలాంటి పదార్థాలకు గ్లూకురోనిక్ ఆమ్లాన్ని జతచేసి విసర్జించే శక్తి చాలా తక్కువ. పెర్మెత్రిన్ పిల్లికి విషం కావడానికి ఇదే ముఖ్యకారణమని భావిస్తారు. మనం జ్వరానికి వేసుకునే పారాసెటమాల్ పిల్లిని చంపగలగడం వెనుక ఉన్నదీ ఈ లోపమే. అందుకు సంబంధించిన జన్యువు ఒకటి పిల్లిజాతిలో పనిచేయకుండా పోయిందని 2000లో వెలువడిన పరిశోధన చూపింది. మాంసమే ఆహారమైన ప్రాణికి మొక్కల విషాలను విరిచే పని అంతగా పడకపోవడమే అందుకు కారణం కావచ్చునంటారు. కుక్కల చుక్కలమందులలో పెర్మెత్రిన్ తరచు నూటికి 45 నుండి 65 పాళ్ళుంటుంది. అంత చిక్కని మందు పిల్లికి కొద్దిగా తగిలినా ముప్పే.

1990లలో ఫిప్రోనిల్, ఇమిడాక్లోప్రిడ్ చుక్కలమందులు వచ్చాయి. పిల్లులకు తగినవీ వాటిలో ఉన్నాయి. అయినా వేసినచోట చర్మం ఎర్రబడటం, వెంట్రుకలు రాలడం, నాకితే చొంగ కారడం, వాంతులు కొన్నిటికి తప్పవు. పిల్లికి సరిపడే ఫిప్రోనిల్ కుందేలుకు ప్రాణాంతకం.

చుక్కలమందులపై 2008లో అమెరికాలో 44,000కు పైగా ఫిర్యాదులు నమోదయ్యాయి. అక్కడి పర్యావరణ పరిరక్షణ సంస్థ వాటిని పరిశీలించి 2010లో ఫలితాలు ప్రకటించింది. ఎక్కువభాగం చిన్న ఇబ్బందులే. కానీ మూర్ఛలూ, మరణాలూ ఉన్నాయి. చిన్న కుక్కలకు హాని ఎక్కువగా కనబడింది. కుక్కమందును పిల్లికి వేయడం ఒక ముఖ్యమైన పొరపాటుగా తేలింది. అంటే నా లెక్క వేసినవాళ్ళు నాకు ముందూ ఎందరో ఉన్నారు.

మా పిల్లి బ్రతికింది. వైద్యుడు సబ్బునీళ్ళతో మందును కడిగి, వణుకు తగ్గడానికి సూదులు వేసి, రెండు రోజులు తన దగ్గరే ఉంచుకున్నారు. ఆ మందు పెట్టెను చాలాకాలం దాచుకున్నాను. పిల్లులకు వాడరాదని దానిమీద చిన్న అక్షరాలతో అచ్చయ్యే ఉంది. పిల్లిని చిన్న కుక్కగా లెక్కకట్టిన నాకు ఆ అక్షరాలు చదవాలని తోచలేదు.