ఒకే తూకంలో పద్నాలుగేళ్ళు

ప్రత్యేక సంచికకు చరిత్ర విషయం ఏదైనా వ్రాయమని కార్యవర్గం వారు కోరినందున, మన రెండు జిల్లాల వారికి ఇష్టమైన బలాన్ని గురించే నాలుగు మాటలు వ్రాస్తున్నాను.

బలమనగానే మనకు గుర్తుకు వచ్చేది కోడి రామమూర్తి నాయుడు గారు. ఆయన పుట్టిన వీరఘట్టం 2022 నుండి పార్వతీపురం మన్యం జిల్లాలోనికి పోయినా, శ్రీకాకుళంలోని స్టేడియం ఆయన పేరుననే ఉన్నది. రొమ్ము మీద ఏనుగును ఎక్కించుకున్న ఆ మహాబలుని ప్రదర్శనలకు తూకంతో పని లేదు. బాక్సింగుకు ఉన్నది. గుద్దులోని బలం ఒంటి బరువును బట్టి కూడా ఉంటుంది గనుక, సమానుల మధ్యనే పోటీ జరగాలని బరువుల వారీగా తరగతులు ఏర్పరచారు. పోటీకి ముందు తూకం వేస్తారు. హద్దు దాటినవానికి ఆ తరగతి టైటిల్ దక్కదు.

వయసుతో పాటు ఒళ్ళు పెరగడం సహజం. అందుచేత పేరుపడ్డ బాక్సర్లు చాలామంది పై తరగతులకు పోయి, అక్కడ కూడా టైటిళ్ళు గెలిచి కీర్తి పొందారు. పనామా దేశస్థుడు రాబర్టో డురాన్ నాలుగు తరగతులలో విజేత. ఆ కాలంలోనే అమెరికాకు చెందిన మార్విన్ హాగ్లర్ మాత్రం 1973 నుండి 1987 వరకు 67 పోటీలు మిడిల్‌వెయిట్‌లోనే చేశాడు. దాని హద్దు 160 పౌండ్లు, అనగా సుమారు 72న్నర కిలోలు. టైటిల్ పోటీకి మొదటి అవకాశం 1979లో గాని రాలేదు. అది సమానంగా ముగియడంతో టైటిల్ పాత విజేత వద్దనే ఉండిపోయింది. మరుసటి సంవత్సరం లండనులో అలన్ మింటర్‌ను ఓడించి దానిని సాధించాడు. తరువాత 12 సార్లు నిలబెట్టుకున్నాడు. కింది తరగతుల నుండి ఎక్కివచ్చిన డురాన్‌ను 1983లోను, థామస్ హెర్న్స్‌ను 1985లోను ఓడించాడు. 1987లో అలాగే పైకి వచ్చిన షుగర్ రే లెనార్డ్ చేతిలో న్యాయనిర్ణేతల భిన్నాభిప్రాయంతో ఓడి, మళ్ళీ రింగులో దిగలేదు. 2021లో మరణించాడు.

పద్నాలుగేళ్ళు ఒకే తూకంలో ఉండడం ఊరకే కూర్చుంటే జరిగే పని కాదు. పోటీ లేని రోజున కూడా నోరు కట్టుకోవాలి, పొద్దున్నే లేచి పరుగెత్తాలి.

మన ఆమదాలవలస దగ్గరి ఊసవానిపేటలో పెరిగిన కరణం మల్లీశ్వరి చరిత్ర ఇందుకు దగ్గరగా ఉంటుంది. బాక్సింగులో వలెనే బరువులెత్తడంలోనూ తరగతులు ఉన్నాయి. ఆమె 54 కిలోల తరగతిలో నిలిచి 1993లో ప్రపంచ కాంస్యం, 1994, 1995లలో స్వర్ణాలు, 1996లో మరల కాంస్యం పొందింది. 1998లో తరగతులను మార్చినప్పుడు ఆ 54 కిలోల తరగతే లేకుండా పోయింది. ఆమె ఆ ఏడు బ్యాంకాక్ ఆసియా క్రీడలలో 63 కిలోల తరగతిలో రజతం గెలిచింది. 2000లో సిడ్నీలో 69 కిలోల తరగతికి ఎక్కి, మొత్తం 240 కిలోలు ఎత్తి కాంస్యం తెచ్చింది. ఒలింపిక్ పతకం పొందిన తొలి భారతీయ మహిళ ఆమెయే. కాలం గీత చెరిపివేస్తే కొత్త గీత దగ్గర నిలబడడం కూడా పట్టుదలే.

మన ఉద్యోగాలలోనూ కేడర్లు ఉన్నవి. మనలో కొందరు మెట్లెక్కారు, కొందరు చేరిన సీటు దరిదాపులలోనే పదవీ విరమణ చేశారు. రెండవ వారిని గూర్చి "ఎదుగు బొదుగు లేనివాడు" అని ఇంటిలోని పిల్లలే అనడం నేను విన్నాను. ముప్పై ఏళ్ళు ఒకే బల్ల దగ్గర ఫైలు పోగొట్టకుండా, చేయి చాపకుండా గడపడానికి ఎంత నిగ్రహం కావాలో ఆ పిల్లలకు ఎవరు చెబుతారు? హాగ్లర్ కథ చెప్పి చూడండి, అర్థం కావచ్చును.